ఆరోగ్యమ్మకు కొట్టని గంట

ఫాదర్ లూర్దురాజు ఫోను చేతిలో పట్టుకుని వరండా దాటి వచ్చేసరికి అతని చెవులు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"వాడు మళ్ళీ వచ్చాడు సామీ! నాలుగొందల మంది చూస్తుండగా, నడిమధ్యన దూరాడు!"

చిన్నప్ప సామి కిటికీ పక్కన కూర్చుని, తెగిపోయిన జపమాలకు పూసలు ఎక్కిస్తున్నారు.

"ఎవరొచ్చారు? కాఫీ ఇచ్చారా?" అన్నారు.

"ఇంటికి కాదు సామీ. ఫోనులోకి."

చిన్నప్ప సామికి ఎనభై నాలుగేళ్ళు. శౌరిపాలెం గుడినీ దాని కింది ఊళ్ళనూ, ఆ విచారణనంతా, ముప్పై ఏళ్ళు నడిపి, ఇప్పుడు అదే గుడి బంగళాలో వెనకగదిలో ఉంటున్నారు. లూర్దురాజుకు జ్ఞానస్నానం ఇచ్చింది ఆయనే. సెమినరీకి పంపిందీ, పూజ ఎలా చెయ్యాలో చెయ్యి పట్టి నేర్పిందీ ఆయనే. ఇప్పుడు ఆ విచారణ లూర్దురాజు చేతికి వచ్చింది.

వచ్చిన ఏడాదే లూర్దురాజు 'తిరిగి రండి' అని ఒక యూట్యూబు చానెల్ పెట్టాడు. గుడికి రావడం మానేసినవాళ్ళు, పట్నాలకు పోయి దేవుణ్ణి మరిచినవాళ్ళు, అసలు దేవుడున్నాడా అని వెతుక్కునేవాళ్ళు, అందరి కోసం అది. లైట్లు కొన్నాడు, మైకు కొన్నాడు. ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలం శుక్రవారాల్లో పొద్దున పూజ అయ్యాక లైవులో మాట్లాడతాడు. బిషప్ గారు కూడా మెచ్చుకున్నారు. ఈ ఒక్క మనిషి లేకపోతే అంతా బాగుండేది.

"ఏమని రాశాడు?" అడిగారు సామి.

"ఎందుకు లెండి."

"చదువు."

"చెత్త సామీ."

"ఆ చెత్తే చదవమంటున్నా."

లూర్దురాజు పళ్ళు బిగించి చదివాడు. "'మా అమ్మ ఆరోగ్యమ్మకు గంట ఎందుకు కొట్టలేదు? తిరిగి రండి అంటున్నావు, ఎక్కడికి రావాలి? ధైర్యముంటే ఫోన్ చెయ్యి.' కింద నంబరు. అంతే. ప్రతిసారీ ఇదే."

"ఎప్పట్నించి?"

"మొదటి వీడియో నించి. రెండేళ్ళు."

"నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? చెరిపేశాను. చెరిపితే మళ్ళీ రాస్తాడు. 'ఆరోగ్యమ్మ కొడుకు' అని పేరు పెట్టుకున్నాడు. బ్లాక్ చేస్తే 'ఆరోగ్యమ్మ కొడుకు రెండు' అని వచ్చాడు. ఇప్పుడు ఏడు నడుస్తోంది."

గుమ్మం దగ్గర నవ్వు వినిపించింది. నీళ్ళ బిందెతో వచ్చిన ఇన్నయ్యది. నలభై ఏళ్ళుగా ఆ గుడిలో జపాలు నేర్పే ఉపదేశి, గంట కొట్టేదీ అతనే.

"ఏడా! ఆ పట్టుదల తల్లిదే," అన్నాడు. అని, సామి వంక చూసి నవ్వు మానేశాడు.

సామి పూస పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "ఏ ఆరోగ్యమ్మ?" అన్నారు.

లూర్దురాజు ఇది అనుకోలేదు. సామి నొచ్చుకుంటారనుకున్నాడు గాని, ఎవరని అడుగుతారనుకోలేదు. ఈమధ్య ఆయనకు పేర్లు జారిపోతున్నాయి. ఒక్కోసారి మొహం ఉండి పేరు పోతుంది, ఒక్కోసారి పేరు మిగిలి మొహం పోతుంది. చావంటే లేని భయం ఆయనకు దానితో వచ్చింది.

"సమాధుల పుస్తకం తీసుకురా ఇన్నయ్యా. చూద్దాం."

"పుస్తకంలో ఉండదు సామీ," అన్నాడు ఇన్నయ్య, బిందె దించి. "కాలవగట్టున పూడ్చారు ఆమెను. తొమ్మిదేళ్ళయింది. కడుపులో గడ్డ ఆమెకి. పక్కూరి వేరే సంఘం ప్రార్థన కూటం వాళ్ళు ఆటో తెచ్చి గుమ్మంలోంచి ఎక్కించుకుపోయేవాళ్ళు, నయమవుద్దని. రెండేళ్ళు మన గుడికి రాలా. పోయిన రోజు వాన. కొడుకు జోజిబాబు తడుచుకుంటా వచ్చి, గంట కొట్టండి అన్నాడు. నేను వచ్చేలోపు వాడే తాడు పట్టుకున్నాడు."

"తర్వాత?"

"మీరొచ్చి తాడు లాక్కుని, అందకుండా పైన కట్టేశారు."

"నేనా?"

"మీరే సామీ."

"ఏమన్నాను?"

"ఇప్పుడెందుకు లెండి."

"అన్నది నేనైతే వినాల్సిందీ నేనే. చెప్పు!"

ఇన్నయ్య నేల చూపులు చూశాడు. "'గుడి మెట్లెక్కని మనిషికి గుడి గంటెందుకు' అన్నారు. ఆమె మెట్లెక్కే స్థితిలో లేదు సామీ. మనమెవరం వెళ్ళి చూడనూ లేదు."

శౌరిపాలెంలో ఎవరైనా పోతే, వాళ్ళ వయసెంతో గంట అన్ని దెబ్బలు మోగుతుంది. పొలాల్లో ఉన్నవాళ్ళు నడుం ఎత్తి లెక్కపెట్టుకుంటారు. లెక్క ఆగిన చోటును బట్టి ఎవరై ఉంటారో తెలుస్తుంది. గంట మోగని చావు ఆ ఊళ్ళో కుక్క చావు కింద లెక్క.

"ఆమె మొహం గుర్తు రావడంలేదు," అన్నారు సామి. "ఆ వాన గుర్తు లేదు. ఆ పిల్లాడు గుర్తు లేడు."

"అందుకే చెరిపాను సామీ," అన్నాడు లూర్దురాజు. "మీ కాలంలో జరిగి ఉంటుందని నాకు అనుమానం వచ్చింది. మీ పేరు రచ్చకెక్కకూడదని..."

సామి లేచారు. జపమాల ఒళ్ళోంచి జారి, పూసలు గది నిండా దొర్లాయి. లూర్దురాజుకు తెలిసి ఆయన ఎవరిమీదా అరిచింది లేదు. ఇప్పుడు అరిచారు.

"నా బుర్ర దానంతటదే చెరిపేసుకుంటోంది. అది నా చేతిలో లేదు. నీ వేలికేం రోగంరా?"

లూర్దురాజు ఫోను జేబులో దాచుకోబోయాడు.

"నేను మరిచిపోయింది అతను తొమ్మిదేళ్ళు మోశాడు. తెచ్చి నీకిస్తే పారేశావు. ఒకసారి కాదు, రెండేళ్ళు! ఫోన్ చెయ్యి అతనికి."

"ఇప్పుడా? తిడతాడు సామీ."

"తిట్టనీ. నడు."

గుడి ముందు కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. మూతులకు గుడ్డలు కట్టుకుని ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. పన్నెండు గంటల ఎండలో ఆ ఘాటులోంచి ముసలి సామి టోపీ కూడా లేకుండా గంటస్తంభం దగ్గరకు నడిచారు. వెనక ఇన్నయ్య, ఆ వెనక లూర్దురాజు, ఫోను చెవిదగ్గర పెట్టుకుని.

"ఎవరు?" అంది ఫోను. వెనక ఇనుము కోస్తున్న చప్పుడు.

"శౌరిపాలెం నుంచి. ఫాదర్ లూర్దురాజుని."

ఇనుము చప్పుడు ఆగింది. "ఎవరూ?"

"లౌడు స్పీకరు పెట్టు," అన్నారు సామి.

పెట్టాడు. కల్లం అంతా వినిపించింది.

"నువ్వా! తీరిందా నీకు? రెండేళ్ళు చెరిపావు కదరా. చెరుపు, ఇంకా చెరుపు! లైట్లేసుకుని కూర్చుని 'మీకోసం ఎదురుచూస్తున్నాం' అంటావా? మా అమ్మ ఎనిమిది నెలలు మంచంలో ఎదురుచూసింది. ఏ నా కొడుకొచ్చాడు? సామిని పిలవండ్రా, సామిని పిలవండ్రా అంది. నీ ఫోనులోంచి వస్తావా ఇప్పుడు? ఇక్కడ హైదరాబాదులో లిఫ్టులు బిగించుకునేవాణ్ణి, నాకు నువ్వు తిరిగి రమ్మని చెప్తావా?"

తొడిమలు తీసే చేతులు ఆగిపోయాయి. లూర్దురాజు బొటనవేలు ఎర్ర గుర్తు మీదకు పోయింది.

"పెట్టెయ్యకు," అన్నారు సామి, వెనక్కి తిరక్కుండానే.

ఇన్నయ్య అందించిన తాడును ఆయన రెండు చేతులా పట్టుకుని, ఒళ్ళంతా దానికి వేలాడేసి లాగారు.

గంట మోగింది.

ఫోనులో తిట్టు సగంలో ఆగింది.

రెండో దెబ్బకు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. నాలుగో దెబ్బకు ఒకామె మూతిగుడ్డ లాగేసి వచ్చింది. "ఎవరు పోయారు సామీ?"

"ఆరోగ్యమ్మ."

"ఏ ఆరోగ్యమ్మ? జోజిబాబు వాళ్ళమ్మా? ఆమె పోయి తొమ్మిదేళ్ళు కాలా!"

"అయింది. నేనే ఆలస్యం చేశాను."

ఆమె కొంగు తలమీదకు లాక్కుంది.

"ఎవరు కొట్టేది?" అంది ఫోను. గొంతు మారలేదు, అదే కోపం.

"చిన్నప్ప సామి," అన్నాడు లూర్దురాజు.

మరో మూడు దెబ్బలు పడ్డాయి.

"వీడియో తీస్తున్నావా?"

"లేదు."

నిజంగానే తీయడంలేదు. కాని ఆ మాట అడిగేదాకా అతని మనసు తీస్తూనే ఉంది. గంట, ఎండ, ముసలాయన వణికే మోచేతులు, ఎంతమంది చూస్తారో. లూర్దురాజుకు తనమీద తనకే రోత పుట్టింది.

"తీశావంటే వచ్చి తంతాను."

"తీయను."

"ఫోను గంటకు దగ్గరగా పెట్టు."

లూర్దురాజు చెయ్యెత్తి ఫోనును స్తంభం మీదకు పట్టుకున్నాడు.

దెబ్బలు నెమ్మదించాయి. సామి ఊపిరి గంటకంటే గట్టిగా వినిపిస్తోంది. తాడు పట్టుకునే ఆగి, "ఎంతయింది?" అని అడిగారు. కళ్ళలో బెదురు. "లెక్క పోయింది నాకు. ఎంతయింది ఇన్నయ్యా?"

"ఇరవై ఆరో, ఏడో..."

"ఇరవై తొమ్మిది," అంది ఫోను. "మా అమ్మకు డెబ్బై ఒకటి. ఒక్కటి తగ్గినా ఊరుకోను."

"నాకివ్వండి సామీ," అని లూర్దురాజు తాడు పట్టుకోబోయాడు.

సామి మోచేత్తో నెట్టేశారు. "ఇవాళ్టిది నాది."

ముప్పై నుంచి జోజిబాబు పైకే లెక్కపెట్టాడు. తిడుతున్నట్టే పెట్టాడు. నలభై దాటాక ఒక్కో అంకె ఆలస్యంగా వచ్చింది, యాభై దాటాక సామి దెబ్బా ఆలస్యంగానే పడింది. ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగుతున్నట్టుంది. తాడు మీద నెత్తురు మరక కనబడి ఒకామె ఏడ్చింది. ఇన్నయ్య ఆయన నడుముకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"డెబ్బై," అంది ఫోను. తర్వాత, "డెబ్బై ఒకటి."

గంట తనంతట తాను ఊగి ఊగి ఆగింది.

"మా అమ్మకైతే వినపళ్ళేదు," అని జోజిబాబు ఫోను పెట్టేశాడు.

సామి స్తంభం మెట్టు మీద కూలబడ్డారు. "ఏమన్నాడు?"

"'మా అమ్మకు వినపడలేదు' అన్నాడు."

"నిజమే కదా," అన్నారు సామి.

ఇన్నయ్య నీళ్ళు తెచ్చాడు. సామి తాగలేదు. పగిలిన అరచేతులు చూసుకుంటూ, ఆ పేరు పది పన్నెండు సార్లు లోలోపల అనుకున్నారు. తర్వాత, "లూర్దూ," అన్నారు.

"సామీ."

"రేపు పొద్దున నన్నడుగు, ఇవాళ గంట ఎవరికి కొట్టానో. నా మొహం చూసి జాలిపడి అడక్కుండా ఉండకు."

"చెప్పలేకపోతే?"

సామి తల ఎత్తి గంట వంక చూశారు.

ఆ సాయంత్రం లూర్దురాజు చానెల్ తెరిచి, తను బ్లాక్ చేసిన ఆరోగ్యమ్మ కొడుకులందరినీ మళ్ళీ లోపలికి రానిచ్చాడు.

మర్నాడు పూజ అయ్యాక కాఫీ గ్లాసు తీసుకుని వెనకగదికి వెళ్ళాడు. సామి కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. అరచేతులకు పసుపు రాసి కట్టిన గుడ్డలు.

"సామీ, నిన్న గంట ఎవరికి కొట్టారు?"

సామి తల తిప్పి చూశారు. తర్వాత చేతుల కట్లు చూసుకున్నారు. తిప్పి మళ్ళీ చూసుకున్నారు.

"ఇవేమిటిరా? ఎక్కడ కాల్చుకున్నాను?" అన్నారు. ఆయన కళ్ళు గదంతా వెతికాయి. "ఎవరైనా పోయారా మనవాళ్ళు?"

లూర్దురాజుకు కోపం వచ్చింది. సామి మీద కాదు, జోజిబాబు మీద కాదు. ఎవరిమీదో తెలియలేదు.

గ్లాసు కిటికీలో పెట్టాడు. వరండా దాటి, కల్లం దాటి నడుస్తూనే జోజిబాబు నంబరు నొక్కాడు.

మొదటి రింగుకే ఎత్తారు. "ఏంటి?" అదే గొంతు.

"లెక్కపెట్టండి. ఇవాళ్టిది నాది," అన్నాడు లూర్దురాజు.

ఫోనును మెట్టు మీద పెట్టి, నెత్తుటి మరక ఉన్న చోటే తాడును రెండు చేతులా పట్టుకున్నాడు.