తెలుగు రాని గుర్రం

కొండ కింద మైదానంలో గుర్రాల సంత జోరుగా సాగుతోంది. అక్కడ అమ్మేవి జంతువులే, కొనేవి జంతువులే, అమ్ముడుపోయేవీ జంతువులే. ఇందులో వింతేముందని వాటిలో ఒక్కటీ అనుకోలేదు కాబట్టి మనమూ చూడనట్టే ఉందాం.

ఆ సంతకు ఎలుగుబంటి బూరెమ్మ వచ్చింది. వెంట ఎద్దు నిదానప్ప. బూరెమ్మ కొండ మీద పట్టే తేనెను ఏటా కిందికి మోసేది నిదానప్పే. ఈసారి అతని మోకాలు మొరాయించింది. వానలు పడేలోగా తేనె పట్నం చేరకపోతే చెమ్మకు పులిసి ఊరుకుంటుంది, ఏడాది కష్టం కాస్తా నేలపాలు. అందుకని బూరెమ్మకు గుర్రం కావాలి. అదీ చౌకలో కావాలి. ఈ సంతలో తేనె కుండలే రొక్కం. ఉన్న కుండలన్నీ గుర్రానికే ఇచ్చేస్తే, ఆ గుర్రం మీద మోయించడానికి ఏం మిగులుతుంది?

"రా వదినా, రా! నీకోసమే ఒకదాన్ని దాచిపెట్టాను," అంటూ గుర్రాల బేరగాడు నక్క తోకరాజు ఎదురొచ్చాడు.

"వదినేంటయ్యా? మా ఆయన నీకు అన్న ఎప్పుడయ్యాడు?"

"బేరం కుదిరితే అవుతాడులే. ఇటు చూడు, అసలు సిసలు మార్వాడీ! ఆ చెవులు చూశావా?"

చూడక ఏం చేస్తుంది? గుర్రం చెవులు రెండూ లోపలికి వంగి, కొనలు ఒకదాన్నొకటి ముట్టుకుని, నెత్తి మీద చిన్న తోరణం కట్టినట్టున్నాయి. మార్వాడీ గుర్రాల చెవులు అలాగే ఉంటాయని బూరెమ్మ కూడా విన్నది. ఆమె కళ్ళు ఆ తోరణం దగ్గరే ఆగిపోయాయి.

"ధరెంత?"

"నీ కుండల్లో సగం. వేరేవాళ్ళకైతే మొత్తం అడిగేవాణ్ణి."

నిదానప్ప గొంతు సవరించుకున్నాడు. "చెవుల సంగతి తర్వాత చూద్దాం. బూరెమ్మా, నీకు దౌడు తీసే గుర్రం కావాలా, కొండ దిగే గుర్రం కావాలా? మార్వాడీ అయినా, కాఠియావాడీ అయినా ఎడారి నేలల్లో పుట్టిన గుర్రాలు. పొడుగు కాళ్ళు, మంచి పరుగు. మన రాళ్ళ దారికి పొట్టి కాళ్ళూ గట్టి గిట్టలూ ఉండాలి. తిండి కూడా చూసుకో. కొనేది ఒక్కసారే, మేపడం మాత్రం రోజూ ఉంటుంది."

అని గుర్రం కాళ్ళ వైపు వంగి చూసి తెల్లబోయాడు. "ఇదేంటి, పొట్టి కాళ్ళే ఉన్నాయే!"

"పిల్లది బావా, ఇంకా పెరుగుతుంది," అన్నాడు తోకరాజు.

"అయితే నోరు తెరవమను. పళ్ళు చూస్తే ఈడు తెలుస్తుంది."

"జాతి గుర్రం ఎద్దులకు పళ్ళు చూపిస్తుందా? ఏం మాటలు బావా!"

"పోనీ, దాన్నే అడుగుదాం. ఏమ్మా, నీ వయసెంత?"

గుర్రం నోరు తెరవబోయింది. తోకరాజు గబుక్కున అడ్డం వచ్చాడు. "దానికి తెలుగు రాదు! మార్వాడ్ నుంచి నిన్ననే దిగింది. ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు!"

గుర్రం దిక్కులు చూసింది.

బూరెమ్మ ఇవేవీ వినిపించుకోలేదు. ఆ చెవులను ఒక్కసారి నిమరాలని ముందుకు వంగింది. వంగినదల్లా ఆగింది. ముక్కు ఎగరేసింది. మళ్ళీ వాసన చూసింది. చెట్టు చెట్టూ ఎక్కి తేనె తీసే ఎలుగుబంటికి తుమ్మ బంక వాసన తెలియదా? ఆ బంక వాసన చెవుల కొసల దగ్గరే వస్తోంది.

నిదానప్ప వైపు చూసి కన్నుగీటింది. నిదానప్పకు అర్థం కాలేదనుకోండి, అది వేరే సంగతి.

"తోకరాజు మరిదీ, నచ్చింది. తీసుకుంటాను," అంది.

వదిన మరిది అనేసరికి నక్క తోక రెండింతలైంది.

"కానీ మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పశువు తల మీద పసుపు నీళ్ళు పోశాకే పలుపు తాడు పట్టుకుంటాం. అవి కూడా వేన్నీళ్ళే కావాలి."

"వేన్నీళ్ళా?" తోకరాజు గొంతు కీచుమంది. "వద్దు వదినా! జాతి గుర్రం, జలుబు చేస్తుంది!"

"వేన్నీళ్ళకు జలుబేంటి మరిదీ?"

తోకరాజు అడ్డం వచ్చేలోగా బూరెమ్మ పక్కనున్న టీ కొట్టు నుంచి చెంబు నింపుకొచ్చింది, చిటికెడు పసుపు వేసింది, గుర్రం నెత్తిన దబదబా కుమ్మరించింది.

"అమ్మో, కాలిపోయానే తల్లీ!" అంది గుర్రం.

చక్కటి తెలుగులో.

సంతంతా ఇటు తిరిగింది. బంక కరిగి, చెవులు టక్కున విడిపోయి, చెరో పక్క నిటారుగా నిలబడ్డాయి. కేక పెట్టడానికి తెరిచిన నోట్లోకి నిదానప్ప తీరిగ్గా తొంగి చూశాడు. "పళ్ళన్నీ వచ్చేశాయి. ఇక పెరిగేదేం లేదు. పనికి సరైన ఈడు."

"ఎవరివే నువ్వు?" అంది బూరెమ్మ.

"అవతలి కొండ తట్టువనే అక్కా, పొట్టి జాతి గుర్రాన్ని. నోరు మూసుకుంటే ఉలవ గుగ్గిళ్ళు పెడతానన్నాడు. పొద్దుట్నుంచి నోరు మూసుకునే ఉన్నాను, గుగ్గిళ్ళ జాడ లేదు."

"కొండ దారి అలవాటేనా? ఏం తింటావు?"

"ఆ దారిలోనే పుట్టాను. గడ్డి దొరికితే చాలు, ఉలవలు పండక్కి పెట్టు."

బూరెమ్మ గిట్టలు ఎత్తి చూసింది. నల్లగా, రాయిలా గట్టిగా ఉన్నాయి. తోకరాజు వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు మరిదీ. తెలుగొచ్చిన తట్టువ ధరెంత?"

చుట్టూ మూగినవాళ్ళు అప్పటికే తోకరాజు దగ్గరున్న మిగతా గుర్రాల చెవులు పట్టి లాగి చూస్తున్నారు.

"ఒక్క కుండ," అన్నాడు తోకరాజు నీరసంగా. "త్వరగా తోలుకుపో వదినా."

"చిన్న కుండే ఇస్తాను. బంక కడిగిన కూలి పోను."

వానలకు ముందే తేనె పట్నం చేరింది. తోకరాజు మాత్రం ఆ చిన్న కుండ ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాడట. ఆ తట్టువకు ఉన్న కాళ్ళనే చూపించి ఉంటే మూడు కుండలైనా నోరెత్తకుండా ఇచ్చేది కదా, బూరెమ్మ!

నీతి: గుర్రం చెవుల్ని ఎంతసేపైనా మెచ్చుకో, ధర మాత్రం కాళ్ళు చూసి కట్టు.