రేపటి ముడి

పొద్దు పొడిచి సరిగ్గా మూడు ఘడియలైంది. అనగనగా ఒక రాజుగారి మూడో కొడుకు, పేరు వసంతకేతు, తన మంచం కింద ఊడ్చుకుంటున్నాడు. చీపురు వెంట ఒక అద్దాల టోపీ వచ్చింది, ఈల వేసే బొంగరం వచ్చింది, ఒంటికాలి వెండి చెప్పు వచ్చింది. మూడూ సంతలో కొన్నవే. మూడూ ఒక్కసారే వాడినవి.

అతనికి ముగ్గురు నేస్తాలు: ఉడుత, కొంగ, పడవంత తాబేలు. పున్నమికొకరు చొప్పున విందు పెట్టుకునేవారు. వసంతకేతు వంతు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ విందు సరుకులకని తీసుకెళ్లిన వరహాలు సంతలోనే ఆవిరయ్యాయి. సిగ్గుపడి, నేస్తాల విందులకు వెళ్లడమే మానేశాడు.

"నువ్వు పెట్టకపోతే మానె, వచ్చి తిను నాయనా," అంది ఉడుత కిటికీలోంచి. "నువ్వు రాకపోతే ఆ లోటు తీర్చడానికి కొంగ పాడుతోంది. తట్టుకోలేకపోతున్నాం."

"ఈసారి నేను పెట్టాకే మీ ఇంట్లో తింటాను," అన్నాడు వసంతకేతు.

తప్పు అతనొక్కడిదే కాదు. ఏడు సముద్రాల అవతల ఘటికుడనే మాంత్రికుడి అంగడి ఉంది. వాడి చిలక ఊరూరి సంతలో వాలి, "ఈ పూటే! మళ్లీ దొరకదు!" అని అరిచేది. విన్నవాడి చెయ్యి సంచిలోకి పోయేది. మాంత్రికుడి ప్రాణం చిలకలోని మాయలో ఉంది, ఆ మాయ దాని కేకలో ఉంది. దాన్ని పట్టడానికి వెళ్లిన అన్నలిద్దరూ ఉన్నదంతా ఊడ్చిపెట్టి, ఆ అంగట్లోనే బొమ్మలైపోయారు.

ఆ కేక ఆపి అన్నలను విడిపించాలని, విందుకని దాచిన పన్నెండు వరహాలు మొలలో దోపుకుని, వసంతకేతు తాబేలు వీపెక్కాడు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

అంగట్లో నెమలిపింఛాల గొడుగు ఉంది. "ఈ పూటే!" అంది చిలక. అతని చెయ్యి మొల దగ్గరికి పోయింది. సరుకులు సర్దుతున్న అమ్మాయి మెల్లగా దగ్గరికొచ్చింది. ఆమె మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాజకుమార్తె హేమలేఖ.

"కొనొద్దని అనను. ఉత్తరీయానికి ఒక ముడి వేసుకోండి. రేపు పొద్దున కూడా కావాలనిపిస్తే కొందురుగాని."

ముడి వేసుకున్నాడు. తెల్లారి చూస్తే గొడుగు ఎండిన తాటాకు. చిలక గొంతు కాస్త బొంగురుపోయింది.

రెండో రోజు నీళ్లలో ఆరని దీపం. ముడి వేసుకున్నాడు. తెల్లారి చూస్తే పగిలిన ప్రమిద. చిలక గొంతు పీలగా అయింది.

మూడో రోజు ఎగిరే కొయ్యగుర్రం. ఘటికుడే ఎదురొచ్చాడు. "బాబూ, నీకని సగం ధరకిస్తున్నా. రేపటికి ఉండదు!"

"లేకపోతే నా బాధ పోతుంది స్వామీ," అని వసంతకేతు మూడో ముడి బిగించాడు.

తెల్లారింది. "ఈ పూ..." అంది చిలక. కేక అక్కడే తెగిపోయింది. ఘటికుడు పొగలా చెదిరిపోయాడు. మాయ వదిలిన చిలక మామూలు చిలకై, "ఆకలేస్తోంది, జామకాయ ఉందా?" అనడిగింది.

బొమ్మలు ఒళ్లు విరుచుకున్నాయి. పెద్దన్న కళ్లు నులుముకుంటూ, "తమ్ముడూ, పది వరహాలుంటే సర్దు, ఆ గుర్రం..." అన్నాడు.

"రేపు చూద్దాం, అన్నయ్యా."

అందరూ వీపెక్కాక తాబేలు మెడ తిప్పింది. "వెళ్లేటప్పుడు వరహాలతో గలగలమన్నావు. వచ్చేటప్పుడూ గలగలమంటున్నావు. ఇది నువ్వేనా?"

ఆ పున్నమికి విందు జరిగింది. పులిహోర, బూరెలు, ఉడుతకు వేరుగా వేరుశనగలు. కొంగ పాడింది. ఎవరూ చెవులు మూసుకోలేదు. అదే పందిట్లో, రెండు వైపుల పెద్దల సమక్షంలో వసంతకేతుకూ హేమలేఖకూ పెళ్లయింది. అత్తమామలకు మగపిల్లలు లేకపోవడంతో ఆ రాజ్యాన్ని వాళ్లిద్దరూ చాలాకాలం ఏలారు. ఏ పున్నమికీ విందు తప్పలేదు.

పెళ్లయిన ఐదో రోజున హేమలేఖ పాత చీర కొంగున గట్టి ముడి ఒకటి అతని కంటబడింది.

"ఇదేమిటి?"

"మీరు అంగట్లో అడుగుపెట్టిన రోజు వేసుకున్నాను," అందామె. "తెల్లారాక కూడా కావాలనే అనిపించింది."