పుట్టకు గుచ్చిన గొడుగులు

మా అయ్యవారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు కళ్ళజోడు తీసి ఉత్తరీయం కొసతో అద్దాలు తుడుచుకుంటారు. ఒక అద్దమే తుడిచి పెట్టేసుకుంటే జవాబు ఒక్క మాటలో వచ్చేస్తుందని అర్థం. రెండూ తుడిచారంటే కథ ఉంది, చాప కాస్త దగ్గరికి లాక్కోవాలి. అసలు తుడవకుండానే లోపలికి వెళ్ళిపోయారా, అడిగినవాడు ఆ పూట భోజనానికి ఉండకపోవడం మర్యాద.

ఆ రోజు అడిగినవారు విరూపాక్షంగారు. మా అందరిలోకీ పెద్ద శిష్యుడు, పేరున్న ఉపన్యాసకుడు. భక్తి గురించి చెబుతూ ఆయన గొంతు కాస్త వణికించారంటే పందిట్లో పదో వరస దాకా పమిటకొంగులు కళ్ళ మీదికి వెళ్ళేవి. ఆ వణుకు ఎక్కడ వస్తుందో మాకు ముందే తెలుసు గనక వెనక కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాళ్ళం. ఒక్కసారీ లెక్క తప్పలేదు. ఆ రోజు మాత్రం మైకు లేకుండానే వణికింది. బయట కారు సిద్ధంగా ఉంది, సాయంత్రం పక్క పట్నంలో ఆయన సప్తాహం మొదలు. కూర్చోకుండా గుమ్మంలో నిలబడే అడిగారు.

“అయ్యవారూ, నాలుగేళ్ళుగా నా లోపల ఏమీ లేదు. దండం పెడితే చేతులు రెండూ కలుస్తున్నాయి, అంతే. పాత మాటలే చెబుతున్నాను. జనం మాత్రం అలాగే ఏడుస్తున్నారు, అలాగే ఊరట పడి ఇళ్ళకు వెళుతున్నారు. వాళ్ళకు మేలే జరుగుతున్నప్పుడు నేను చెబుతూ ఉండటంలో తప్పుందా?”

అయ్యవారు రెండద్దాలూ తుడిచారు. బయట డ్రైవరు ఇంజను ఆపేశాడు. పాపం, అతనికీ అలవాటే.

అయ్యవారు ఒకసారి విహారయాత్రకు వెళ్ళారట. మేము నవ్వు ఆపుకున్నాం, మీరూ ఆపుకోండి. ఆయన భక్తుడొక లాయరుగారు, ‘అడవి పుట్టగొడుగుల విహారం, తోడుగా మార్గదర్శి’ అన్న కాగితం ఎక్కడో చూసి, కొండగాలి ఆరోగ్యానికి మంచిదని చెప్పి, తన భార్యతోనూ మరో నలుగురితోనూ పాటు అయ్యవారిని కూడా జీపెక్కించారు. రబ్బరు బూట్లు, మోకాళ్ళు దిగిన రెయిన్‌కోటు, చేతిలో వెదురుబుట్ట. ఆ ఫొటో ఇప్పటికీ ఎక్కడో ఉంది, మాకు చూపించరు.

ఏజెన్సీ కొండల్లో వాళ్ళను తిప్పినవాడు బొంజుబాబు. అక్కడే పుట్టి పెరిగినవాడు, ఏ గొడుగు తినేదో ఏది ప్రాణం తీసేదో ఎరిగినవాడు. అయినా తీర్పు అతనిది కాదు. విడిదిలో వంటపాక ముందు అతని తల్లి సుకురమ్మ కూర్చునేది. కళ్ళకు పొరలు కమ్మి చూపు ముప్పాతిక పోయింది, కానీ ప్రతి బుట్టా ఆవిడ చేతుల్లోంచి పోవలసిందే. ఒక్కొక్క గొడుగునూ వేళ్ళతో తడిమి, వాసన చూసి, మంచిదైతే కుండ వైపు పెట్టేది, కాకపోతే వీపు వెనక్కి విసిరేది. లాయరుగారు రెండు గంటలు వంగి ఏరిన గొడుగులన్నీ వీపు వెనక్కి పోయాయి.

“దీనిమీద అప్పీలు లేదా మామ్మా?” అన్నారాయన.

“తిని సూడు బాబూ, తెలిసిపోద్ది” అందావిడ.

ఆ కొండ మీద వాగు పక్కన ఒక పెద్ద చెదపుట్ట ఉంది. ఆరుద్ర కార్తెలో ఉరిమిన మూడో రోజుకల్లా దాని నిండా తెల్లగొడుగులు లేచేవి. సుకురమ్మ కాపురానికొచ్చిన ఏడు అత్తగారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొదట చూపించింది ఆ పుట్టనే. ఆ జాతి గొడుగుకి నేల పైన కనిపించేది జానెడు కాడే. కింద అదే కాడ వేరులా సన్నబడి మూరెడు లోతుకు దిగి, చెదల గూటిని పట్టుకుని ఉంటుంది. విహారానికి వచ్చినవాళ్ళకు ఆ వింత చూడాలని ఉండదూ? ప్రతి గుంపూ అడిగేది. ప్రతి గుంపుకీ బొంజుబాబు గునపంతో తవ్వి, ఆ పొడుగంతా తెగకుండా పైకి తీసి చూపించేవాడు. చప్పట్లు కొట్టేవారు. అలా చూపించగా చూపించగా ఒక ఏడు పుట్ట మొలవడం మానేసింది. ఆ తరువాత వానాకాలం వచ్చిందంటే సుకురమ్మ రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని వాగు దాకా వెళ్ళి, పుట్టంతా తడిమి, తడిసి ముద్దయి తిరిగొచ్చేది. కొడుకు అడిగితే “నేదురా, రేపు సూద్దాం” అనేది. అలా నాలుగేళ్ళు.

అయ్యవారు వెళ్ళిన ఏడు మిగతా పుట్టలు కూడా ముఖం చాటేశాయి. రెండు రోజులు నడిచినా అతిథులకు దొరికినవి చేదు గొడుగులూ జలగలూను. బొంజుబాబుకు అన్నం సహించలేదు. రెండో రోజు మధ్యాహ్నం సంతకు వెళ్ళి, అవతలి కొండ ఆడవాళ్ళు కోసి తెచ్చిన తెల్లగొడుగులు ఒక గంపెడు తెచ్చి దాచాడు. మూడో రోజు అతిథుల ఫలహారాల హడావిడిలో తల్లికి పొద్దున్నే వాగుకు వెళ్ళడం కుదరలేదు. వాళ్ళు ఉప్మా తింటుండగా అతను వాగు దగ్గరికి వెళ్ళి, పెద్దపుట్టకు వేలితో కన్నాలు చేసి ఒక్కొక్కటే గుచ్చాడు. ఎంతో అందంగా గుచ్చాడట. చిన్నవి అంచున, పెద్దవి మధ్యన, ఒకటి రెండు కావాలని వంకరగా. అడవిలో పుట్టినవాడికి ఆ మాత్రం తెలియదా.

అయ్యవారు మోకాళ్ళ నొప్పులతో విడిదిలోనే ఉండిపోయారు. అతిథులు కేకలు వేసుకుంటూ వచ్చారు. బుట్ట సుకురమ్మ ముందు పెట్టారు. ఆవిడ ఒకటి తీసి తడిమింది. “మంచియే. ఏ పుట్టయి?”

“వాగు పక్కన పెద్ద పుట్ట మామ్మా! నిండా ఉన్నాయి!” అంది లాయరుగారి భార్య.

సుకురమ్మ చెయ్యి బుట్టలోనే ఆగిపోయింది. “ఒచ్చీసినాయేటిరా బొంజూ?”

బొంజుబాబు పొయ్యి ఊదుతూ, తల ఎత్తకుండానే “ఊఁ” అన్నాడు. ఆవిడ లేచింది. కర్ర మరిచిపోయింది, గుప్పెడు బియ్యం మాత్రం కొంగున కట్టుకుంది. “జారుడుగా ఉందే అమ్మా, రేపెళ్దువుగానిలే” అన్నాడు.

“నాలుగేళ్ళు రేపన్నానురా” అందావిడ.

తన మోకాళ్ళ సంగతి పక్కన పెట్టి అయ్యవారే చెయ్యి అందించి తీసుకెళ్ళారు. పుట్ట ముందు ఆవిడ బియ్యం చల్లింది. మోకాళ్ళ మీద కూర్చుని, అలకపాన్పు దిగిన కూతురితో మాట్లాడినట్టు, “ఇన్నాళ్ళు అలిగీసినావేటే? ఏం తక్కువ సేసినామే?” అని నవ్వుతూ పుట్టంతా తడిమింది. ఏరినవాళ్ళు పుట్టకొకటి వదలాలని అక్కడి నియమం. వదిలిన ఆ ఒక్కటీ ఆవిడ చేతికి తగిలింది. కాడ పక్కన వేలు దింపి వేరు పట్టు చూసుకోవడం అక్కడి ఆడవాళ్ళ అలవాటు. పట్టు ఉంటే కింద గూడు బతికి ఉన్నట్టు. ఆవిడ వేలు దింపింది. గొడుగు తేలిగ్గా వచ్చి అరచేతిలో పడింది. కాడ అడుగున బొటనవేలితో రాసి చూసింది. నున్నగా ఉంది, కత్తితో కోసినది.

అంతలో వెనకే అతిథులు వచ్చారు. వాళ్ళ వెనక బొంజుబాబు వచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. “ఏమైంది మామ్మా?” అంది లాయరుగారి భార్య, చేతిలో ఫోను పట్టుకుని.

సుకురమ్మ ఆ గొడుగును మళ్ళీ కన్నంలో పెట్టి, చుట్టూ మట్టి అదిమింది. “ఏం నేదమ్మా. బాగున్నాయి. ఫొటో తీసుకో” అంది.

ఆ మధ్యాహ్నం కూర అద్భుతంగా కుదిరిందట. లాయరుగారు మూడుసార్లు వడ్డించుకున్నారు. సుకురమ్మ కూడా తింది, బాగుందని కూడా అంది.

మర్నాడు జీపులో సామాను ఎక్కిస్తూ బొంజుబాబు అయ్యవారి దగ్గరికొచ్చి, సంత సంగతీ గుచ్చిన సంగతీ అంతా చెప్పేశాడు. “అంత దూరం నుంచి వచ్చినోళ్ళని ఖాళీ బుట్టలతో పంపలేకపోయాను బాబుగారూ. ఆళ్ళ మొహాలు ఎలా వెలిగినాయో మీరూ చూశారు కదా” అన్నాడు. చూశానన్నారు అయ్యవారు. వెలిగిన మాట నిజమే. సన్నగా వాన పడుతోంది. సుకురమ్మ పాక ముందు కూర్చుని ఉంది, కర్ర గోడకు ఆనించి ఉంది. బొంజుబాబు వెళ్ళి ఆ కర్ర తీసి తల్లి చేతికివ్వబోయాడు.

“వాగు దాకా ఎళ్ళవా అమ్మా?”

“ఎందుకురా” అందావిడ.

అయ్యవారు అక్కడ ఆపేశారు. బయట డ్రైవరు, ఆలస్యమవుతోందని కాబోలు, హారను ఒక్కసారి చిన్నగా నొక్కాడు. విరూపాక్షంగారు గుమ్మం పట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నారు. కారు వైపు తిరగకుండానే అడిగారు. ఆ వణుకు ఎక్కడొస్తుందో ఈసారి మాకెవరికీ ముందు తెలియలేదు.

“ఆ పుట్ట మళ్ళీ మొలిచిందా అయ్యవారూ?”

అయ్యవారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

“మొలిచిందేమో నాయనా. వెళ్ళి చూసే మనిషి ఆవిడొక్కతే.”