రేవులో సైలెన్స్

గంగాధరం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వెతుక్కుంటారు. జవాబు ఇంట్లో దొరకదని ఆయన నమ్మకం. జీవితమంతా నాటకాలు ఆడించిన మనిషి, ఇప్పుడు సినిమా పిచ్చి పట్టిన మాలాంటి వాళ్ళకి కథ చెప్పడం నేర్పుతున్నారు. నేర్పడమంటే పాఠాలేం ఉండవు. మేం ఏదో అడుగుతాం, ఆయన మమ్మల్ని ఎక్కడికో నడిపించుకుపోతారు, తిరిగొచ్చేసరికి కాళ్ళు పీకుతూ ఉంటాయి, అడిగిన ప్రశ్న మాకే చిన్నదిగా కనిపిస్తుంది.

ఆ ఆదివారం పొద్దున్నే త్రినాథ్ వచ్చాడు, చేతిలో పూతరేకుల పెట్టెతో. మా అందరిలో మొదట సినిమా తీసినవాడు అతనే. పేరున్న నటులు లేరు, పాటలు లేవు, వెనక పెద్ద కంపెనీ లేదు. స్నేహితుల కెమెరా పట్టుకుని గోదావరి లంకల్లోకి పోయి, అక్కడి జనాన్నే నటులుగా పెట్టి తీశాడు. శుక్రవారం విడుదలైంది. హైదరాబాదులో మెచ్చుకున్నారు గాని కుర్చీలు ఖాళీ. మా ఊళ్ళో మాత్రం, రేవు పక్కనున్న పాత పద్మనాభ టాకీసులో, మొదటి ఆట నుంచి హౌస్‌ఫుల్ బోర్డు దించిన పాపాన పోలేదు. లంకల నుంచి జనం పడవల్లో దిగుతున్నారు. చూసినవాళ్ళే మళ్ళీ చూస్తున్నారు. ఆ సంగతి ఫోన్లో విని త్రినాథ్ ఉన్నపళంగా బస్సెక్కి వచ్చేశాడు.

"మాస్టారూ, ఒక పెద్ద నిర్మాత కబురు పెట్టాడండీ. రెండో సినిమా కూడా అచ్చం ఇలాగే తియ్యమంటున్నాడు. ఇలాగే అంటే ఎలాగో నాకే అర్థం కావడం లేదు. ఇంతకీ ఇంత జనం నా సినిమాలో ఏం చూసి వస్తున్నారంటారు?"

మాస్టారు పూతరేకు నోట్లో వేసుకుని, మంచం కింద చెప్పులు వెతుక్కున్నారు.

ఆ సినిమాకి ప్రాణం ఒక్క షాటు. త్రినాథ్ అలా అనేవాడు, మేమూ ఒప్పుకున్నాం. వరదలో కొడుకు పోయిన తల్లి పొద్దుగూకే వేళ రేవులో నిలబడి, అవతలి ఒడ్డు వైపు కొడుకుని పేరు పెట్టి కేకేస్తుంది. ఎవరూ పలకరు. మళ్ళీ కేకేస్తుంది. పలకరు. కెమెరా కదలదు, సంగీతం రాదు. నీళ్ళ చప్పుడు, కేక, నిశ్శబ్దం, అంతే. తల్లి వేషం కట్టింది పళ్ళాలమ్మ అనే లంక మనిషి. స్క్రిప్టులో కొడుకు పేరు శ్రీను అయితే, ఆవిడ "ఏడుకొండలూ" అని కేకేసింది. పొరపాటు పడింది కాబోలు అనుకున్నాడు త్రినాథ్. కానీ ఆ పేరు గొంతులో బాగా సాగుతోందని అలాగే ఉంచేసి, తక్కిన చోట్ల శ్రీనుని డబ్బింగులో ఏడుకొండలుగా మార్చేశాడు. ఆ తెలివికి పొంగిపోయి మా అందరికీ టీలు కూడా ఇప్పించాడు.

మ్యాట్నీకి ముగ్గురం బాల్కనీలో కూచున్నాం. హాలంతా సంతలా ఉంది. తెరమీద ఆవు కనపడితే చాలు, "అదుగోరా మన కర్రావు" అని ఒకరు, "మా పాక చూడండే" అని మరొకరు. త్రినాథ్ మురిసిపోతున్నాడు. ఆ షాటు దగ్గర పడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏడుకొండలూ!" అని తెరమీద తల్లి కేకేసింది.

"ఓయ్!" అంది హాలు.

ఒకరో ఇద్దరో కాదు, హాలు హాలంతా. ఆవిడ మళ్ళీ కేకేసింది. మళ్ళీ "ఓయ్!" అని బాల్కనీ అదిరేలా పలికారు. త్రినాథ్ నా చెయ్యి వదిలేశాడు.

"వెక్కిరిస్తున్నారు" అన్నాడు. "నా షాటుని వెక్కిరిస్తున్నారు. ఇందుకా మాస్టారూ వీళ్ళంతా ఎగబడి వస్తున్నది?"

నాకూ అలాగే అనిపించింది. అయితే ఎంత వెతికినా ఒక్క నవ్వు వినపడలేదు. ఇంకో వింత కూడా చూశాను. పలికినవాళ్ళెవరూ తెరవైపు చూడటం లేదు. కింది క్లాసులో, అన్నిటికన్నా ముందు వరసలో, పమిట నిండా కప్పుకుని కూచున్న ఒక ముసలమ్మ వైపు మెడలు చాచి చూస్తున్నారు. ఆవిడ కదలలేదు, మెదలలేదు. ఆ మాట మాస్టారి చెవిలో వేశాను. "చూశాను" అన్నారాయన.

ఆట వదలగానే త్రినాథ్ ఆపరేటర్ గదిలోకి దూసుకుపోయాడు. ఫస్ట్ షోలో ఆ చోటు రాగానే సౌండ్ పూర్తిగా తీసెయ్యమన్నాడు. "కేకే వినపడకపోతే దేనికి వెక్కిరిస్తారో చూస్తాను."

ఆపరేటర్ తల గోక్కున్నాడు. "సౌండ్ ఆగితే కుర్చీలు ఇరిచేత్తారండీ బాబూ."

"సినిమా నాది. నేనే దగ్గరుండి ఆపుతాను."

నాకు మాస్టారి మీద ఒళ్ళు మండింది. సొంత శిష్యుడు తన సినిమా గొంతు తనే నొక్కుతానంటుంటే ఈయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. "ఒక్క మాట చెప్పండి మాస్టారూ" అన్నాను. "అడిగింది అతనే కదా, వెతుక్కోనీ" అని, నాక్కూడా గుప్పెడు పోశారు.

ఫస్ట్ షోకి త్రినాథ్ పైన ఆపరేటర్ గదిలో ఉన్నాడు. మాస్టారు నన్ను కింది క్లాసుకి తీసుకెళ్ళి ఆ ముసలమ్మకి రెండు వరసల వెనక కూచోబెట్టారు. అదే జనం, అదే సందడి. ఆ షాటు వచ్చింది. తెరమీద తల్లి నోరు తెరిచింది. చప్పుడు లేదు. నీళ్ళు కదులుతున్నాయి, వాటికీ చప్పుడు లేదు. పలకడానికి సిద్ధంగా ఊపిరి బిగబట్టిన హాలుకి ఏం చెయ్యాలో తోచలేదు. వెనక ఎవడో "సౌండ్!" అని అరిచాడు, పక్కవాళ్ళు వాడి నోరు మూశారు. తెరమీద మళ్ళీ నోరు తెరుచుకుంది. మళ్ళీ ఏమీ లేదు.

అప్పుడు ముందు వరసలో ముసలమ్మ లేచి నిలబడింది. తలమీది పమిట జారింది. తెరమీద ఇల్లంత మొహం, దాని ముందు కుర్చీ అంత మనిషి. రెండూ ఒకటే మొహం. ఆవిడ పళ్ళాలమ్మ.

"ఏడుకొండలూ!" అని కేకేసింది.

నిజం చెప్తున్నాను, నాకు భయం వేసింది. సినిమాలో విన్నది ఆ కేక కాదు. పొట్ట లోపలి నుంచి లాగి అవతలి ఒడ్డు మీదికి విసిరిన కేక అది. శుక్రవారం నుంచి ఆటాటకీ పలికిన హాలు ఆ క్షణాన పలకడం మరిచిపోయింది. అందరూ నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. చివరికి వెనకనుంచి ఒక బొంగురు గొంతు "ఓ... ఓయ్!" అంది. వెంటనే హాలంతా అంది. ఆడవాళ్ళు ఏడుస్తూనే అన్నారు. నేను కూడా అన్నాను. మాస్టారు కూడా అన్నారు.

పళ్ళాలమ్మ తెరకి వీపు పెట్టి మా వైపు తిరిగింది. ఆ పలుకులన్నీ సద్దుమణిగేదాకా విని, పమిట చెంగుతో మూతి తుడుచుకుని, పక్కనున్న పిల్లతో అంది:

"ఇంటికెల్దాం పదవే. పొద్దోయింది. ఆకలేత్తంది."

జనం దారి ఇచ్చారు. ఆవిడ నడిచి వెళ్ళిపోయింది. సినిమా చూసే ఓపిక ఇంకెవరికీ లేదు, అందరూ ఆవిడ వెంటే బయటికొచ్చేశారు. త్రినాథ్ మెట్లు దిగి వచ్చాడు. పడవ నడిపే గురవయ్య ఎదురెళ్ళి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పలికిందండీ బాబూ! ఇన్నాల్టికి పలికింది."

"అదేంటి? ఏడుకొండలు ఎవరు?"

"ఆవిడ కొడుకేనండి. పెద్ద వరదకి పడవతో పాటే పోయేడు, మడిసి దొరకలేదు. రోజూ పొద్దుగూకేటప్పుడు రేవులోకొచ్చి కేకేసేదండి. ఎవరి చెవినపడితే ఆళ్ళం ఓయ్ అనేవోళ్ళం. అది ఇనేసి ఇంటికెళ్ళి ఇంత కూడు తిని పడుకునేది. మీ షూటింగు నాడు ఆవిడ కేకేత్తానే ఉంది, మీ మడిసేమో సైలెన్స్, సైలెన్స్ అంటన్నాడు. మేం నోట్లో తువ్వాళ్ళు కుక్కుకుని నిలబడ్డామండి. మీరు సామాన్లు సర్దుకుని ఎళ్ళేసరికి ఆవిడెళ్ళిపోయింది. అంతే, ఆ రోజు నుంచి రేవుకి రాలేదు, నోరిప్పలేదు. కేకా లేదు, మాటా లేదు. ఈ సినిమాలో అయినా ఆ కేకకి పలుకుదారని, ఆవిడ ఇనేలాగ పలుకుదారని, రోజూ పడవేసుకుని తీసుకొత్తన్నామండి. ఆయ్."

త్రినాథ్ అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. జేబులో ఫోన్ మోగుతోంది, బహుశా ఆ నిర్మాతే. తియ్యలేదు. తలెత్తి మాస్టారిని అడిగాడు.

"నాకు తెలీదు మాస్టారూ. కానీ షాటు అయిపోయాకయినా వీళ్ళలో ఒక్కళ్ళు పలకొచ్చు కదండీ? కట్ చెప్పాం కదా?"

మాస్టారు వేరుశనక్కాయ తొక్కులు చేతుల్లోంచి దులుపుకున్నారు.

"కట్ అన్నది మీ కెమెరాకి కదా నాయనా. వాళ్ళకి చెప్పింది సైలెన్స్. ఇక పలకొచ్చని ఎవరు చెప్పారు?"