పాతరలోని వృత్తం

ఓబుళమ్మను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ ముందు వాళ్ల ముఖం చూడదు, కాళ్లు చూస్తుంది. మనిషి ఎక్కడ నిలబడి అడుగుతున్నాడో తెలిస్తే సగం జవాబు దొరికినట్టేనని ఆవిడ నమ్మకం. ఆ నల్లరేగడి పల్లెల్లో క్షేత్రగణితం నేర్పే ఆడమనిషి ఇంకొకరు లేరు. "ఆడదానికి వృత్తాలెందుకు, రొట్టె గుండ్రంగా వస్తే చాలదా" అని నవ్విన పెద్దమనుషుల పొలాలకు హద్దులు తేల్చి ఇచ్చింది కూడా ఆవిడే. ఆ పెద్దమనుషుల సంగతి వదిలేద్దాం. వాళ్లను తలుచుకుంటే నా నోరు ఊరుకోదు.

ఆవిడ శిష్యుల్లో హంపన్న చురుకైనవాడు. చురుకుదనం ముదిరితే వచ్చే జబ్బు కూడా వాడికి అప్పటికే వచ్చేసింది. ఒకనాటి మధ్యాహ్నం ఇలా అడిగాడు:

"అమ్మా, ఒక ఆకారానికి చుట్టూ ఉన్న వైశాల్యం తెలిసింది, లోపలి ఘనపరిమాణం తెలిసింది. ఇక దాన్ని గురించి తెలియనిదంటూ ఏం మిగిలింది?"

అడిగినప్పుడు వాడు రైతు ఈరన్న కళ్లంలో, జొన్నల పాతర అంచున, ఒక కాలు లోపలికి వేలాడేసి కూర్చుని ఉన్నాడు. ఓబుళమ్మ ఆ కాలినే చూసింది.

పాతర అంటే భూమిలో తవ్విన గింజల కొట్టు. పైన మనిషి దూరేంత సన్నని మెడ, కింద గుమ్మడికాయలాంటి కడుపు. గోడకంతా గడ్డి పరిచి, గింజ పోసి, మీద బండ పెట్టి మట్టితో మెత్తేస్తారు. అడుగున కొంత ముక్కిన జొన్న ఉండగానే పోయిన ఏడు మూసేసిన పాతరను ఈరన్న ఆ పొద్దే తెరిచాడు. కళ్లంలో కొత్త జొన్నలు రాశిగా ఉన్నాయి, పడమట మబ్బు నల్లగా లేస్తోంది. తడిస్తే ఇంటిల్లిపాదికీ ఆ ఏటి తిండి పోయినట్టే.

హంపన్న పైనుంచే కొలతలన్నీ తీశాడు. తాడుకు రాయి కట్టి లోతు చూశాడు. వెదురు బద్దను నిలువుగా దింపి, దాని కొసలు గోడకు తగిలేదాకా అడ్డంగా తిప్పి కడుపు వెడల్పు పట్టాడు. మెడను గొట్టంగా, కడుపును గోళంగా ఎంచి, ఎన్ని బస్తాలు పడతాయో, గోడకు ఎన్ని మోపుల గడ్డి కావాలో చెప్పేశాడు. "మట్టికి తగిలిన గింజే కదా చెడేది? గుండ్రటి కడుపైతే గోడ తక్కువ, గింజ ఎక్కువ. తవ్వినవాడు నాలాంటివాడే" అని మురిసిపోయాడు కూడా. లెక్కలో తప్పేమీ లేదు. ఆ సంగతి నేను ఒప్పుకోవాల్సిందే.

"సామీ, నువ్వు కొలిచేలోగా వానొచ్చి నన్ను కొలిచేట్టుంది" అన్నాడు ఈరన్న. "నా పొట్ట ఈ మెడలో పట్టదు. నువ్వే దిగి గడ్డి పరచల్ల. అయితే తెరిచిన పొద్దే దిగకూడదంటారు. పాతరను ఒక దినం ఊపిరి వదలనీయాలంట."

"ఖాళీ గుంటకు ఊపిరేంది ఈరన్నా? లోపల ఏముందని? ఏమీ లేదు. ఖాళీ."

ఆ పల్లెలో ఇంకో పద్ధతి ఉంది. పాతరలో దిగినవాడి నడుముకు తాడు కడతారు. పైనున్నవాడు తాడు పట్టుకుని, ఉండుండి పేరు పెట్టి పిలుస్తాడు. కిందివాడు పలకాలి. పలక్కపోతే ఎందుకని అడగరు, వెంటనే లాగేస్తారు. ఇలా పిలిచే మనిషి లేకుండానే పక్క ఊళ్లో ఒకడు దిగాడు. వాణ్ణి తెస్తానని వాడి తమ్ముడు దిగాడు. ఇద్దరి శవాల మీదా ఒక్క గాయం కూడా లేదట.

హంపన్న తాడు నడుముకు చుట్టుకోబోయాడు. ఓబుళమ్మ దాన్ని వాడి చేతిలోంచి తీసుకుంది. ఈరన్న చేత కిరోసిన్ బుడ్డి వెలిగింపజేసి, తాడు కొసకు కట్టి, తాడు మళ్లీ వాడి చేతికే ఇచ్చింది.

"నీ బదులు దీన్ని దింపు."

దీపం మెడ దాటింది. కడుపు గోడలు పచ్చగా కనిపించాయి. ఇంకాస్త దిగింది. లోపల గాలి కదలడం లేదు, మంట వణకలేదు. అది పొట్టిదై, నీలిరంగుకు తిరిగి, పడుకోబోయే మనిషి కన్ను మూసినట్టు నెమ్మదిగా ఆరిపోయింది. వత్తిలోంచి లేచిన పొగ పైకి రాలేదు. కొంచెం లేచి, అక్కడ ఏదో ఉన్నట్టు ఆగి, పక్కలకు పాకసాగింది. గోడదాకా పాకి, చదునుగా, నిండు గుండ్రంగా పరుచుకుంది. బావిలో నీటి మీద తెట్టు కట్టినట్టు ఉంది. పాతరలో నీళ్లు లేవు.

ముగ్గురూ వంగి చూశారు. పై వెలుగులో ఆ బూడిదరంగు వృత్తం ఎంతసేపటికీ చెదరలేదు.

"చక్కటి వృత్తం" అంది ఓబుళమ్మ. "దేని పైభాగమో చెప్పు, వైశాల్యం తరవాత చూద్దాం."

హంపన్న వేలాడేసిన కాలు పైకి తీసుకున్నాడు. ఆ పాదం చల్లబడి ఉంది.

"పట్టాలు తెచ్చి జొన్నల మీద కప్పు ఈరన్నా. అంచులు తడిస్తే తడవనీ" అని చెప్పి, ఆవిడ శిష్యుడి వైపు తిరిగింది. ఈసారి వాడి ముఖమే చూసింది. "లోతు కొలిచినావు, వెడల్పు కొలిచినావు. రెండూ సరిపోయినాయి. మరి ముక్కిన జొన్న వదిలిన విషగాలి నిండుంటే ఖాళీ అన్నావే, ఆ మాట ఏ కొలతలోంచి వచ్చింది?"

తొలి చినుకులు పడ్డాయి. పొగ మీద పడిన చినుకు ఎక్కడికి పోయిందో కనబడలేదు.

"పద్ధతి ప్రకారం పిలువు."

"ఎవర్నమ్మా?"

"ఇందాక దిగినవాణ్ణి."

తాడు కొసన దిగింది దీపమే అయినా దిగాల్సింది తనేనని వాడికి తట్టింది. మోకాళ్ల మీద వంగి తన పేరే పిలిచాడు: "హంపన్నా! ఉండావా?"

ఆ పేరు పాతర కడుపంతా చుట్టి, ఆలస్యంగా పైకి వచ్చింది. వాడు పిలిచినంత గట్టిగా లేదు, వాడి గొంతులాగానూ లేదు. దాని వెనక ఇంకేమీ రాలేదు. వాడి చేతుల్లో తాడు మాత్రం కింద మనిషి వేలాడుతున్నంత బరువుగా ఉంది.

ఓబుళమ్మ ఒక పిలుపుకు జవాబు రావడానికి పట్టేంత సేపు ఆగింది.

"పలకలేదు గదా" అంది. "ఇంకేం చూస్తున్నావు? లాగు."