కనుబొమ పైన చుక్క

గుమ్మడవరం జమీందారు నీలాద్రిరాజుగారికి ఉన్నట్టుండి ఒక పిచ్చి పట్టుకుంది. పాత ఇంగ్లీషు వెండి షిల్లింగులు పోగుచెయ్యడం. పోగుచేస్తే చాలదట, ఏ నాణెం ఏ అచ్చులో పడిందో కూడా తేల్చాలట. ఆ తేల్చే పనికి చెన్నపట్నం నుంచి సోమసుందరం పంతులుగారు భూతద్దంతో సహా దిగబడ్డారు.

పంతులుగారికి గీత కనిపిస్తే ఒక రకం, సొట్ట కనిపిస్తే ఇంకో రకం. కొత్త రకం దొరికినప్పుడల్లా ఆయనకో పట్టుశాలువా. ఆర్నెల్లలో ముప్పయి రకాలు తేలాయి. మండువేసవిలో కూడా ఆయన శాలువా దించిన పాపాన పోలేదు.

అన్నిటికీ తలమానికం ఒక షిల్లింగు. దాని మీద రాణిబొమ్మకి కనుబొమ పైన నల్లగా, ఉబ్బెత్తుగా ఒక చుక్క ఉంది. అచ్చులో గుంట పడితే నాణెం మీద చుక్క లేస్తుందనీ, ఇలాంటిది భూప్రపంచంలో ఇదొక్కటేననీ పంతులుగారు రాసిచ్చారు.

ఇంతలో పక్క జమీందారు దాన్ని చూడ్డానికి వస్తున్నట్టు కబురొచ్చింది. పెట్టె కాపలా పైడయ్య నాణేలన్నీ తళతళలాడేలా తోమిపెట్టాడు. తీరా చూస్తే షిల్లింగు మీద చుక్క లేదు.

"మార్చేశాడు మహారాజా," అన్నారు పంతులుగారు. "ఇది వేరే అచ్చు. అసలుది అమ్ముకున్నాడు."

పొద్దుగూకేలోగా అసలు నాణెం తేకపోతే కొలువు ఊడుతుందనీ, దొంగ అని ఊరంతా దండోరా వేయిస్తాననీ రాజుగారు ఖండితంగా చెప్పేశారు. ఇరవై ఏళ్లుగా చిల్లిగవ్వ ముట్టని మనిషి పైడయ్య. తోమితే పోయిందండీ అని మొత్తుకున్నాడు. అచ్చులో పడ్డ చుక్క తోమితే పోతుందటరా వెర్రివెధవా అని పంతులుగారు పకపకా నవ్వారు.

ఆ నవ్వుకి పైడయ్యకి ఒళ్లు మండింది. ఆ మంటలోనే అసలు సంగతి తట్టింది. కానీ కాపలావాడు చెబితే నమ్మేదెవరు? పంతులుగారి నోటితోనే అనిపించాలి. తిన్నగా లోపలికి వెళ్లి, రాణిగారి పూజగది గుమ్మం ముందు నిలబడి గోడు వెళ్లబోసుకున్నాడు.

సాయంత్రం పళ్లెంలో అయిదు షిల్లింగులు పట్టుకొచ్చాడు.

"ఇందులో అసలుదేదో పంతులుగోరే సెప్పాల, బాబుగోరూ."

పంతులుగారు భూతద్దం పెట్టారు. మొదటిదానికి చుక్క ఉంది. రెండోదానికీ ఉంది. అయిదోదాకా అన్నిటికీ ఉంది. అయిదూ ఆ అచ్చులో పడ్డవేననీ, కాదని తేలితే భూతద్దం ముట్టననీ ప్రకటించారు. భూప్రపంచంలో ఒక్కటే అన్న మాట ఆయనకి గుర్తు రాలేదు.

పైడయ్య చింతపండు నీళ్ల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఒక్కొక్క షిల్లింగే ముంచి బొటనవేలితో రుద్దాడు. అయిదు చుక్కలూ గిన్నెలో కలిసిపోయాయి.

రాజుగారు తెల్లబోయారు. "మరి ఆ చుక్క ఏ అచ్చులో పడిందిరా?"

"అమ్మగోరి ఉంగరపు వేలండి, బాబుగోరూ."

వెండి అంటే లక్ష్మి కదా. కొత్త షిల్లింగు ఏది వచ్చినా రాణిగారు ముందు పూజలో పెట్టేవారు. ఏ దేశపు రాణి అయితేనేం, ఆడదాని ముఖం బోసిగా ఉండకూడదని గంధం బొట్టు పెట్టేవారు. మిగతావాటికి అది ఎండి రాలిపోయేది, ఆ ఒక్కదానికి మాత్రం దీపం మసి తగిలి నల్లగా గట్టిపడిపోయింది. పైడయ్య గోడు విని ఇవాళ అయిదింటికీ అలాగే పెట్టిచ్చారు.

తెర వెనక రాణిగారు కిసుక్కుమన్నారు. రాజుగారు పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. అక్కడికక్కడే పైడయ్యకి రెండెకరాల మాగాణి రాసిచ్చి, మిగిలిన ఇరవై తొమ్మిది రకాలూ కూడా తోమి చూడమని చింతపండు గిన్నె పంతులుగారి ముందుకి జరిపారు.