పెడమొగం దిబ్బ

పూర్వం నాగదుర్గాన్ని ఏలిన జయమార భూపతికి, లోకంలో ప్రతిదీ తన కంట పడి తీరాలనీ, చూడటం తన హక్కనీ గట్టి నమ్మకం. ఆయన రాజ్యం తూర్పు అంచున పైడిసరస్సు, దాని నడుమ పడవ తప్ప మరో దారిలేని చిన్న రెల్లుదిబ్బ ఉండేవి. మంచు పడే నెలల్లో గూడబాతులు, పరజలు, రాజహంసలు వేలకొద్దీ వచ్చి ఆ దిబ్బ మీద వాలేవి. ఎక్కడినుంచి వచ్చేవో ఏ పండితుడూ చెప్పలేకపోయేవాడు.

అవి పక్షిరూపం దాల్చిన మునులనీ, ధర్మప్రభువు ఎదుట రెక్క కదపవనీ ఆస్థానంలో ఎవరో అన్నారు. భూపతి ఛత్రచామరాలతో, భేరీలతో మూడు హేమంతాలు తరలివెళ్ళాడు. మూడుసార్లూ పడవ ఒడ్డు తాకకముందే పక్షులన్నీ లేచిపోయి దిబ్బ బోసిగా మిగిలింది. ప్రభువు ధర్మంలోనే లోపముందని అనే ధైర్యం ఎవరికీ లేదు గనుక, అధికారానికి ఎప్పుడూ దొరికే సమాధానమే మంత్రికీ దొరికింది: తప్పు పడవవాళ్ళది. నాలుగోసారి కూడా పక్షులు నిలవకపోతే వాళ్ళ పడవలన్నీ తగలబెట్టి, సరస్సు నుంచి వెళ్ళగొట్టాలని శాసనం వెలువడింది.

ముత్తక్క అనే వితంతువుకి ఉన్నదల్లా ఒక్క పడవ. దిబ్బ ఒడ్డున వల బాగుచేసుకుంటూ ఆమె ఏళ్ళుగా ఒక వింత గమనించింది. తలెత్తి చూస్తే ఎగిరిపోయే పక్షులు, వీపు తిప్పి కూర్చుంటే ఒక్కొక్కటే దగ్గరికి వచ్చేవి. ఎందుకో తెలుసుకోవాలని ప్రతి శీతకాలమూ అక్కడే కూర్చునేది. శాసనం చాటిన మర్నాడు ఆమె కోటకు నడిచి వెళ్ళి, ప్రభువు ఒక్కరే తన పడవలో రావాలని అడిగింది. పరివారం నవ్వింది గానీ, పక్షుల మీది కుతూహలం భూపతిని కదిలించింది.

గడకర్రకు తడిగుడ్డ చుట్టి చప్పుడు లేకుండా పడవ నడిపిన ముత్తక్క, దిబ్బ కనిపించగానే, "ఇటు తిరిగి కూర్చోండి దొరా," అంది.

"చూడటానికి వచ్చినవాణ్ణి వీపు తిప్పమంటావేం?"

"తమరు మూడేళ్ళు చూశారుగా. ఈసారి వాటిని చూడనివ్వండి. తమరెట్టాంటివారో వాటికీ తెలియాలి."

"నేనెవరో తెలియనివాళ్ళు ఈ రాజ్యంలో ఉన్నారా?"

"అదుగో, అట్టా గదిమితేనే లేచిపోతాయి. తమరికి పోయేదేం లేదు, కాలేవి మా పడవలు."

భూపతి దిబ్బకు వీపు తిప్పాడు. పడవ దిగాక కూడా, ఒడ్డున బండ మీద నీటివైపు తిరిగి కూర్చున్నాడు. జాము గడిచింది. మెడ పట్టేసింది. వెనక ఏదో వాలిన సవ్వడి, ఆపైన మరొకటి. తిరగబోయిన తలను రెండు చేతులా పట్టి ఆపుకున్నాడు.

అప్పుడు మంచు విడింది. వెనకనున్నది ఎదుటి నీటిలో కనిపించడం ఎక్కడా లేదు. ఆ ఉదయం కనిపించింది. భూపతి నీడ వెనక వేల పక్షులు మెడలు చాచి, ఎక్కడినుంచి వచ్చాడో ఈ మనిషి అన్నట్టు, ఆయన్నే పరీక్షగా చూస్తున్నాయి.

"ఇక తిరగండి దొరా, బెదరవు," అంది ముత్తక్క మెల్లగా.

"వద్దు. ఇంకా చూస్తున్నాయి," అన్నాడు భూపతి.

శాసనం రద్దయింది. పైడిసరస్సు పడవవాళ్ళకే దక్కింది. నేటికీ మంచు నెలల్లో పక్షులను చూడవచ్చేవారు, ఎంతటి అధికారులైనా, దిబ్బ కనిపించగానే పడవలో వెనుదిరిగి కూర్చోవలసిందే. ఆ బండ మీద నీటివైపు చూస్తూ ఒక శిలామూర్తి ఉంది. అది భూపతిదో ముత్తక్కదో ముందుకు వెళ్ళి చూసినవారు లేరు. పెడమొగం దేవరకు హారతి వీపుకే ఇస్తారు.